మేస్త్రీ కట్టిన కొప్పు

మా సుబ్బరత్నం వదిన జుట్టు ఎంత పొడవంటే, ఆదివారం తలంటుకుంటే మొదళ్ళు ఆ సాయంత్రానికి ఆరేవి, చివళ్ళు ఆరేసరికి బుధవారం అయ్యేది. పెరటి గడపలో కూర్చుని విరబోసుకుందంటే కొస పశువుల కొట్టం దాకా పోయేది. అక్కడ దూడ దాన్ని తల్లి తోక అనుకుని నాకేది. అబద్ధమంటారా, మీ ఇష్టం. ఐదో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని వదిలేశాను. కొలతలు నాకు అంతకన్నా రావు. మరీ ఒట్టు పెట్టి చెప్పమంటే ఒకటి చెప్తాను: నిలబడితే మడమల్ని తాకేది. అది మాత్రం నిజం.

జుట్టు వదినది. దాన్ని రోజూ కొప్పు కట్టే చేతులు మా అన్న పెదకోటయ్యవి. నేను చెప్పబోయేది ఆయన సంగతి.

అన్న గురజాల అవతల నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. ఆ గనిలోంచే ఉలితో చెక్కి బయటికి తీసినట్టుండేవాడు, నల్లగా, పలకలు పలకలుగా. మీసం కింద నోరుందని అరిచినప్పుడే తెలిసేది. ఆయన గని ఒడ్డున నిలబడి "ఒరేయ్!" అన్నాడంటే, నడికుడి స్టేషనులో మాచర్ల బండి తననే పిలిచారనుకుని ఆగేది. నలభై మంది కూలీలు ఆ ఒక్క అరుపుకి లేచి, ఆ ఒక్క అరుపుకి కూర్చునేవాళ్ళు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన నేనే చూళ్ళేదు.

అట్టాంటి మనిషి రోజూ తెల్లారేసరికి పెరట్లో పెళ్ళాం వెనక మోకాళ్ళ మీద కూర్చునేవాడు, రెండు చేతులా ఆముదం పూసుకుని.

ఇది ఎట్టా మొదలైందంటే, మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. మా ఇంట్లో ఆడదిక్కు లేదు. వదిన రొంపిచెర్ల పిల్ల. పుట్టింట్లో తల్లీ ఇద్దరు అక్కలూ కలిసి ఆ జుట్టు కట్టేవాళ్ళట. కాపురానికొచ్చిన మొదటి రోజు పొద్దున్నే ఒక్కతే పెరట్లో కూర్చుని దాంతో కుస్తీ పట్టింది. ఒక పక్క చుడితే ఇంకో పక్క జారుతుంది. పొద్దు మూరెడు ఎక్కింది, కొప్పు ఎక్కలా. ఎదురుగా అన్న నాగలికి జనుప తాడు పేనుతున్నాడు. చూసి చూసి, "ఇటు తే" అన్నాడు. కొత్త పెళ్ళాంతో ఆయన పలికిన మొదటి మాట అదే. నేను చెవులారా విన్నాను.

ఆయనకి జడ రాదు, పాపిట తీయడం రాదు. తెలిసింది తాడు. అందుకని జుట్టుని రెండు పాయలు చేసి, ఒక్కో పాయకీ కుడికి పురి ఎక్కించి, ఆ రెండిటినీ కలిపి ఎడమకి పేనాడు. పురి విడిపోదామని గింజుకుంటుంది, పేనిక దాన్ని పోనీదు. ఆ పెనుగులాటే తాడుకి బలం. అట్టా పేనినదాన్ని నడినెత్తిన పళ్ళెంలాగా చుట్టి, చింతచేవ పుల్ల ఒకటి అడ్డంగా గుచ్చాడు. వదిన తల అటూ ఇటూ ఆడించింది. లేచి గంతు కూడా వేసింది. కదల్లేదు.

మేస్త్రీ పెళ్ళాన్ని కదా అని ఇంట్లో కూర్చునే రకం కాదు వదిన. ఆమె కూడా గనిలో రాళ్ళు మోసేది. గని అడుగునుంచి బాట మీదుగా పైన బండ్ల దాకా రాతిపలకలు ఎత్తుకురావడం ఆడవాళ్ళ పని. మిగతావాళ్ళు నెత్తిన గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని దానిమీద రాయి పెట్టుకునేవాళ్ళు. వదిన కొప్పు మీదే పెట్టుకునేది. రాయి ఎంత బరువైనా కొప్పు అణిగేది కాదు. ఆమె పైకొచ్చేటప్పుడు అన్న రాయి వంక చూసేవాడు కాదు, కొప్పు వంకే చూసేవాడు, తన తాడు ఆగుతుందా లేదా అని.

ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు. నాలుగో చెవిన పడితే అన్న మేస్త్రీతనానికి మంగళమే. పెళ్ళానికి తల దువ్వే మనిషి అరిస్తే ఏ మగాడు లేచి సమ్మెట పడతాడు? అన్న భయం అది. వదిన కూడా ఆయన పరువు పోతుందని ఎవరడిగినా "నేనే కట్టుకుంటా" అనేది. అనేసి ఊరుకోక "కళ్ళు మూసుకుని కట్టుకుంటా" అని కూడా అనేది. నిజానికి తన తల వెనక ఏం జరుగుతుందో ఆమెకి ఏనాడూ తెలియదు. తన కొప్పుని తను ఎప్పుడన్నా చూసుకుంటేగా!

కాపలా నా వంతు. వీధి అరుగు మీద కూర్చుని, ఎవరన్నా వస్తుంటే దగ్గాలి. దగ్గు వినపడగానే అన్న జుట్టు వదిలేసి జనుము అందుకునేవాడు. ఏడేళ్ళు దగ్గాను. నాకు క్షయ అని ఊళ్ళో పుకారు పుట్టి, రెండు సంబంధాలు తప్పిపోయాయి. అన్న కోసం అంత త్యాగం చేస్తే ఆయన మెచ్చుకోలు ఏందంటే: "గట్టిగా దగ్గరా, వినపడి చావట్లా."

యుద్ధం ఆఖరుకొచ్చిన ఏడు బట్టకి కరువొచ్చింది. కార్డు మీద మనిషికిన్ని గజాలని ఇచ్చేవాళ్ళు, అదీ కంట్రోలు కొట్టుకి సరుకొస్తేనే. నెత్తిన పెట్టుకోవాల్సిన పాతగుడ్డలు కూడా ఒంటి మీదికి ఎక్కినయ్. గనిలో ఆడవాళ్ళు గడ్డి చుట్టలు చేసి చూశారు. రాతి కింద గడ్డి నలిగి పొడై కళ్ళల్లో పడింది. తాటాకు పెడితే కోసింది. అందరి మెడలూ వంకర్లు పోతుంటే మా వదిన ఒక్కతే నెత్తిన రాయి పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ బాట ఎక్కేది. కడుపుమంట రాదా మరి?

ముందు హన్నమ్మ అడిగింది. వదినతోపాటు రాళ్ళు మోసే మనిషి, మాటకి పదును ఎక్కువ.

"వదినా, ఆ కొప్పు ఎట్టా కడతావో మాకూ చెప్పరాదూ?"

"అదేముందే, ఊరికే చుట్టెయ్యడమే."

"ఊరికే చుడితే మాది రేగ్గాయంత కూడా నిలవలా. కళ్ళు మూసుకుని కట్టేదానివి, కళ్ళు తెరిచి ఒకసారి చూపించు."

"చూద్దాంలే" అని వదిన తప్పించుకుంది.

వాళ్ళు చూద్దామనుకునే రకం కాదు, చూసేసే రకం. ఆదివారం గనికి సెలవు. హన్నమ్మ తెల్లారగట్ల ప్రార్థన ముగించుకుని ఇంకో ఏడుగురిని వెంటేసుకుని బయల్దేరింది. నేను అరుగు మీద ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చున్నాను. వీధిలో పిట్ట కూడా రాలేదు. వాళ్ళు పెరటివైపు కంప తొలగించుకుని వచ్చారు! ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు, తిట్టడం మాత్రం తిట్టారు.

కంప గరగరమన్న చప్పుడుకి అన్న చేతిలో జుట్టు వదిలేసి ఒక్క గెంతులో ఇంట్లోకి దూరి, తలుపు సందులోంచి పెరడు కనపడే జొన్నల గాదె వెనక నక్కాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి సగం పేనిన జుట్టు ఒళ్ళో వేసుకుని వదిన మిగిలింది. చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళు, చేతుల్లో దువ్వెన్లు, గిన్నెల్లో ఆముదం, పెళ్ళికొచ్చినట్టు.

"బాగా సమయానికి వచ్చాం. కానియ్యి వదినా, కట్టుకో. మేం చూస్తాం" అని హన్నమ్మ కిందే చతికిలబడింది.

ఇక వదినకి తప్పలేదు. చేతులు వెనక్కి పోనిచ్చింది. పాయలు చేసింది. తిప్పింది. ఎటు తిప్పిందో ఆమెకే తెలియదు. చుట్టింది. పుల్ల గుచ్చింది. చేతులు తీసింది. కొప్పు ఒక్క క్షణం నిలబడి, అందరినీ ఒకసారి చూసినట్టు చూసి, వీపు మీదికి జారిపోయింది.

"పొద్దున్నించీ చేతులు తిమ్మిరిగా ఉన్నయ్యే" అంది.

మళ్ళీ కట్టింది. మళ్ళీ జారింది. మూడోసారి పుల్ల ఎగిరి ఆముదం గిన్నెలో పడింది.

"ఏందమ్మా, మాకు చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. ఈ నాటకం ఏంది?" అంది ఒకామె వెనకనుంచి.

హన్నమ్మ అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. ఆ మాటతో నవ్వు ఆపి, వదిన ముందుకు జరిగి, కొంగు తీసి తల వంచింది. నడినెత్తిన రూపాయి బిళ్ళంత పుండు. దాని చుట్టూ జుట్టు పలచగా ఉంది. మొన్నటి విషజ్వరంలో సగం రాలిపోయింది.

"చుట్టకుదురుకని చీర కొంగు చించాను. అది అరిగిపోయింది. ఇంక చించితే కట్టుకోవడానికి ఉండదు, చించకపోతే రాయి మొయ్యడానికి తల ఉండదు. ఊరికే అడగలా వదినా" అంది.

చెప్తే మొగుడి పరువు, చెప్పకపోతే ఈ పుండు. వదిన ఏం చెయ్యాలో తోచక మళ్ళీ జుట్టు తీసుకుని, ఈసారి కోపంగా, ఎడమకి తిప్పడం మొదలెట్టింది.

గాదె వెనకనుంచి ఆ గని అరుపు వచ్చింది.

"అట్టా కాదే! కుడికి! పురి కుడికి!"

అరిచాక అన్నకి తెలిసింది తను అరిచానని. ఇక దాక్కునీ లాభం లేదు. జొన్నపొట్టు అంటుకున్న మీసంతో బయటికి వచ్చాడు. హన్నమ్మ పుండు చూసి వచ్చాడో, తాడు తప్పు పేనుతుంటే చూడలేక వచ్చాడో నాకు తెలియదు. ఆయన్ని అడిగితే ఇప్పటికీ "పోరా" అంటాడు.

"మేస్త్రన్నా, నువ్వా?" అంది హన్నమ్మ.

"నేనే. నోళ్ళు మూసుకుని చూడండి."

వదిన వెనక మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టంతా విప్పేసి మొదటినుంచీ మొదలెట్టాడు. ఆముదం ఎంత, పాయ ఎక్కడ చీల్చాలి, పురి ఎక్కిందని వేలికి ఎట్టా తెలుస్తుంది, పుల్ల ఏ వైపునుంచి గుచ్చాలి, అన్నీ చెప్పాడు. అరిచే చెప్పాడు, ఆయనకి ఇంకోరకంగా చెప్పడం రాదు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు బారుగా కూర్చుని, ముందున్నామె జుట్టు పట్టుకుని అదే చేశారు. అన్న కర్ర ఒకటి పట్టుకుని బారు వెంట తిరుగుతూ, ఎవరి తలా ముట్టకుండా, కర్రతో చూపిస్తూ తిట్టాడు. "అది కొప్పా, పేడకడా? విప్పు. మళ్ళీ." బళ్ళో పంతులు నన్ను కూడా అంత శ్రద్ధగా తిట్టి ఉంటే ఈపాటికి నేను తాసిల్దారునయ్యుండేవాణ్ణి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏడు కొప్పులు లేచినయ్. హన్నమ్మది లేవలేదు. పాపం, లేవడానికి అక్కడ జుట్టుంటేగా. అందరూ ఆమె వంక చూసి మొహాలు తిప్పుకున్నారు. వదిన లేచి ఇంట్లోకి పోయి చూరులోంచి ఒక కుండ తెచ్చింది. ఏడేళ్ళుగా దువ్వెనకి ఊడొచ్చిన చిక్కునంతా ఉండలు చుట్టి దాంట్లో దాచుకుంది, సవరం చేయించుకోడానికి. నీకు సవరం ఎందుకు వదినా అని నేను ఎప్పుడూ ఏడిపించేవాణ్ణి. ముసలితనానికి, నీకెందుకయ్యా అనేది.

ఆ కుండ అన్న ముందు బోర్లించింది. అన్న ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ ఉండలన్నీ విప్పి, నూనె రాసి, పేని, గుండ్రంగా కుదురు కట్టి ఇచ్చాడు. హన్నమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని, దానిమీద మా రుబ్బురోలు పొత్రం పెట్టించుకుని పెరడంతా తిరిగింది. అందరూ నవ్వారు. అన్న తప్ప.

ఎందుకంటే ఆయనకి సోమవారం కనపడుతోంది.

సంగతి బయటికి ఎట్టా పొక్కిందని నన్ను అడగబాకండి. ఏడు కొప్పులూ ఒక కుదురూ ఎనిమిది ఇళ్ళకి పోయాయి, ఎనిమిది మంది మొగుళ్ళు అడిగి ఉంటారు. నేను మాత్రం ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున అన్న గని ఒడ్డున నిలబడ్డాడు. కింద మగాళ్ళంతా సమ్మెటలు పక్కన పెట్టి ఆయన కోసమే కాసుకుని కూర్చున్నారు. ముందు వరసలో ఖలందర్. రాయి పగలగొట్టడంలో గనికంతా మొనగాడు, అన్నకి జతగాడు, కాబట్టి భయం లేదు.

"కోటయ్య భాయ్, నా గెడ్డం చూడు, ఎంత పెరిగిందో. దీనికి కొప్పు కడతావా, జడేస్తావా?"

గనంతా గొల్లుమంది. ఇంకొకడు తువ్వాలు కొంగులాగా కప్పుకుని, "మేస్త్రన్నా, నాకు పాపిట ముందు తియ్యి" అన్నాడు.

అన్న నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చిన "ఒరేయ్" ఉందే, పాలకోసం వచ్చిన పిల్లి కూడా అంతకన్నా గట్టిగా అంటుంది. ఎవడూ లేవలేదు. మళ్ళీ అన్నాడు. ఇంకా సన్నగా వచ్చింది. ఎండ ఎక్కింది. ఒడ్డున నేను తోలే రాళ్ళ బండితో కలిపి ఎనిమిది బండ్లు ఖాళీగా నిలబడ్డాయి. మధ్యాన్నం రైలుకి నడికుడిలో రాయి ఎక్కకపోతే కంట్రాక్టరు సాయంత్రానికల్లా ఇంకో మేస్త్రీని చూసుకుంటాడు. ఆ మాట అన్నకి తెలుసు, అక్కడ ఉన్న నలభై మందికీ తెలుసు. తెలిసినా నవ్వు ఆగట్లా. మా అన్న, ఆ కొండలాంటి మనిషి, తల వంచుకుని కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు. అంతకు ముందు రోజు ఇద్దరికి చెప్పినందుకు నా నాలుక కొరుక్కున్నాను, అంతే.

అప్పుడు వదిన బాట మధ్యకి వచ్చింది. శనివారం మిగిలితే నెత్తినెత్తుకున్న రాయి దించింది. పుల్ల లాగేసింది. జుట్టు మొత్తం మడమల దాకా జారింది. ఆ జుట్టుని విప్పి ఉండగా గనిలో మగాళ్ళెవరూ చూడలేదు. నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది. ఖలందర్ తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు. ఒక తేనెటీగ దాంట్లోకి పోయి, అంతా తిరిగి చూసి, ఏమీ లేదని బయటికి వచ్చింది.

వదిన ఒక రాతిపలక మీద అన్నకి వీపు పెట్టి కూర్చుంది.

"ఇదిగో, ఇటు రా. కొప్పు కట్టు."

"ఇక్కడా?" అన్నాడు అన్న.

"మరి ఎక్కడ? దాచుకోడానికి ఏమన్నా మిగిలిందా? పైగా నిన్నటి కొప్పు నాకొద్దు. ఎనిమిది మందికి నేర్పావు. ఏడేళ్ళు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇప్పుడు ఏ నెత్తి చూసినా అదే. నాకు వేరేది కట్టు."

"వేరేదంటే?"

"నాకేం తెలుసు? తాడు పేనేవాడివి నువ్వు."

అన్న మెల్లగా బాట దిగాడు. ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జుట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆలోచిస్తున్నాడు. రెండు పాయలది నిన్నటిది. అయితే మూడు. మూడు పేటల తాడు మోట బావికి వేస్తారు, నిండు బానకి కూడా తెగదు. కానీ మూడు పేటలు చదునుగా చుట్టుకోవు, మధ్యలో బుడిపె లేస్తుంది, రాయి కదులుతుంది. మధ్య పేటని కొంచెం వదులుగా పెడితే? పెదాలు కదులుతున్నాయి. ఒక పాయ తిప్పి చూసి విప్పాడు. ఇంకోలా తిప్పాడు. ఇంకోసారి విప్పాడు. చుట్టూ నలభై మంది ఉన్నారన్న సంగతే ఆయన మర్చిపోయాడు. నేను చూస్తుండగానే మర్చిపోయాడు.

మూడో పాయ పేటలో కలిసే దగ్గర ఆయన మీద నీడ పడింది. ఖలందర్ దగ్గరికొచ్చి వంగి చూస్తున్నాడు.

"ఆ మధ్యది వదులైంది భాయ్" అన్నాడు.

అన్న తల ఎత్తలేదు. చేతులు ఆపలేదు.

"ఒరేయ్!"

ఆ అరుపుకి ఒడ్డున నా ఎద్దులు రెండూ కాడితో సహా లేచినయ్. అవతలి గనిలోవాళ్ళు కూడా పని మొదలెట్టారని తర్వాత విన్నాను.

"కొప్పు సంగతి నాకు తెలుసురా, రాయి సంగతి నువ్వు చూడు. ఎనిమిది బండ్లు ఎండలో ఎండుతున్నయ్. లెగండి! అందరూ లెగండి!"

లేచారు. ఖలందరే అందరికన్నా ముందు సమ్మెట అందుకున్నాడు. మొహంలో నవ్వు ఉంది గానీ చేతులు ఆగలేదు. ఇంకా ఎగతాళి మాటలేమన్నా మిగిలి ఉంటే అవి రాళ్ళ చప్పుడులో కలిసిపోయాయి. మధ్యాన్నం రైలు అందింది. నేనే తోలాను మొదటి బండి, ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి చెప్పాలి.

కొప్పు కట్టడం అయ్యింది. నిన్నటిదానికన్నా పైకి ఎత్తుగా, మూడు చుట్లుగా, చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి పడి ఉంది. అన్న అరచేతితో గట్టిగా నొక్కి చూశాడు. కదల్లేదు. వదిన లేచి వంగింది. హన్నమ్మ, ఇంకో మనిషీ కలిసి రాయి ఎత్తి పెట్టారు.

వదిన రెండడుగులు వేసి ఆగింది. ఒక చెయ్యి రాయికి ఆనించి, రెండో చెయ్యి కొప్పు చుట్టూ పోనిచ్చి, వేళ్ళతో ఆ మూడు పేటల్నీ ఒక్కొక్కటే తడుముకుంది.

"ఇది ఎవరికీ నేర్పబాకు" అంది.

"నేర్పనులేవే" అన్నాడు అన్న. ఎంత మెల్లగా అన్నాడంటే, పక్కనే ఉన్న హన్నమ్మకి కూడా వినపడలేదట. అంత దూరంలో బండి మీద ఉన్న నాకు మాత్రం చక్కగా వినపడింది.